తాత పేరు డాట్ కామ్

"నాయనా, తాత పేరు ఇంకా ఖాళీగానే ఉంది. కొనేద్దామా?" అంది సాయిశ్రీ.

వెబ్‌సైట్ పేర్లు ఎవరైనా తీసుకున్నారో లేదో వెతికే సాధనానికి తన ఏఐ అసిస్టెంట్‌ను ఆమె పొద్దున్నే కలిపింది. అడిగితే క్షణంలో చెబుతోంది.

నంద్యాల కిరాణా కొట్లో గల్లా ముందు కూర్చున్న ఆమె తండ్రి భాస్కరయ్య గడియారం చూశాడు. "రాహుకాలం పాపా. పన్నెండు దాటనీ."

"అంతలో ఆళ్లగడ్డ పెద్దనాయన కొనేస్తే? ఆయప్పకూ ఆ పేరే కావాలంట."

కొట్టు పంచుకున్నప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. రెండు కొట్ల బోర్డుల మీదా తండ్రి పేరే ఉంది. ఆ పేరుతో వెబ్‌సైట్ మాత్రం ఒక్కరికే దొరుకుతుంది.

"కొంటే కొననీ" అన్నాడు గానీ, ఊరికే ఉండలేక "మళ్లీ అడుగు పాపా" అంటూనే ఉన్నాడు.

పన్నెండు దాటింది. పేరు ఇంకా ఖాళీనే. సాయిశ్రీ కొనబోతుంటే భాస్కరయ్య ఫోన్ మోగింది. పెద్దనాయన! భాస్కరయ్య స్పీకర్ ఆన్ చేశాడు.

"ఏం రా భాస్కరా, పొద్దున్నుంచి మా పాప సాత్విక చూస్తానే ఉంది. పేరు అట్నే ఉందంట. కొనలేదేందీ?"

"రాహుకాలం కదన్నా. నువ్వేం చేస్తాండావ్?"

"నేనూ అందుకే కూచున్యా."

ముందు ఆళ్లగడ్డ నవ్వింది, తర్వాత నంద్యాల. రెండు నవ్వులూ ఒకేలా ఉన్నాయని సాయిశ్రీకి అప్పుడే తెలిసింది.

"నువ్వే తీసుకో రా."

"వద్దులే, నువ్వే తీసుకో అన్నా."

"మీరు తేల్చేలోపల ఇంకెవరో ఎత్తుకపోతారు" అంటూ సాయిశ్రీ కొనేసింది. "సైట్లో ఏ కొట్టు ముందు పెట్టాల నాయనా?"

"ఆళ్లగడ్డదే. మా అన్న ఆడ కదా ఉండేది."