గంజి తువ్వాల

ఉప్పలమ్మ చంకలో మడత నలగని కొత్త తువ్వాల ఉంది.

మగ్గానికి కొత్త అచ్చు ఎక్కించాక మొదట దిగిన బట్ట దేవుడిదే. రామన్నపేటలో వాళ్ల అత్తగారింట ఆ ఆనవాయితీ ఎప్పుడూ తప్పలేదు. ఈసారి దేవుడే మారాడు.

పక్కింటి శైలజ ఆర్‌సీఎం చర్చికి పోయే పిల్ల. ఏటా ఈస్టర్ ముందు తపస్కాలంలో గుట్ట మీది మరియమాత దగ్గరికి చర్చి వాళ్లతో కాలినడకన పోతుంది. ఈ ఏడు నేనూ వస్తానని ఉప్పలమ్మే అడిగింది.

చీకటి విడవకముందే బయలుదేరారు. ఏం మొక్కుకుంటావని దారి పొడుగునా శైలజ అడుగుతూనే ఉంది. ఉప్పలమ్మ మోదుగు పూలు బాగా పూశాయని, నీళ్ల సీసా ఇటు ఇమ్మని మాట దాటేసింది.

పైకి చెప్పుకునే మొక్కు కాదది. పక్షవాతంతో మంచాన పడ్డ మొగుణ్ణి తొందరగా తీసుకుపొమ్మని.

రాజం కాళ్లూ చేతులూ ఆడినన్నాళ్లు నేత కూలంతా కల్లు దుకాణంలో పోశాడు. ఎందుకని అడిగితే చెయ్యి చేసుకున్నాడు. ఇప్పుడు ఆమే ఎత్తి కూర్చోబెడుతుంది, ఆమే అన్నం కలిపి పెడుతుంది. మూతి వెంట చొంగ కారితే మగ్గం నూనె తుడిచే పాత గుడ్డతోనే ఒక తుడుపు తుడిచేస్తుంది. అతనితో మాట మాత్రం మాట్లాడదు. మంచాన పడ్డనాటి నుంచీ అంతే.

ఇంటి దేవుళ్లను ఈ కోరిక అడగడానికి మొహం చెల్లలేదు. తెలియని తల్లినైతే అడగొచ్చనుకుంది.

గుట్ట ఎక్కే దారి వెంట ఏసు సిలువ మోసిన బొమ్మలు వరుసగా ఉన్నాయి. ఒక్కో బొమ్మ దగ్గర ఫాదర్ ఆగి ప్రార్థన చదువుతుంటే అందరూ మోకరిస్తున్నారు. ఉప్పలమ్మ మోకాళ్లు ఎవరి మాటా వినే రకం కాదు. నిలబడే దండం పెట్టింది.

ఆరో బొమ్మ దగ్గర ఆమె ఆగిపోయింది.

బొమ్మలో ఒకామె ఏసు మొహం తుడుస్తోంది. నేత మనిషి చూపు మొహాల మీద ఆగుతుందా, తిన్నగా బట్ట మీదికే పోయింది. దానికి అంచు లేదు. కొత్తదీ కాదు. తల మీద కప్పుకున్నదే లాగి తుడిచినట్టుంది.

మంచి పనే చేసింది అనుకుంది ఉప్పలమ్మ. కొత్త బట్టకు గంజి బిర్రుగా ఉంటుంది. చెమట పీల్చదు, పుండు మీద గుచ్చుకుంటుంది.

ఈమె ఆయనకు ఏమవుతుందని శైలజను అడిగింది.

"ఏం గాదత్తా. వెరోనికమ్మ అంటరు. దారిల నిలబడి చూసిన మనిషి."

"తుడిచినంక బాగైందా ఆయనకు?"

శైలజ దారిలో పైనున్న తర్వాతి బొమ్మ చూపించింది. అందులో ఏసు మళ్లీ నేల మీద పడి ఉన్నాడు.

"మరెందుకు తుడిచినట్టు?"

శైలజ, ముందు పోతున్న వాళ్ల పాట అందుకుని నడక సాగించింది.

ఉప్పలమ్మకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే కోపమూ వచ్చింది. ఇంత దూరం నడిచి వచ్చింది ఈ బొమ్మ చూడడానికి కాదు కదా.

గుట్టపైన ఎండలో వరుస మెల్లగా కదిలింది. ఆమె వంతు వచ్చింది. అడగాల్సిన మాట నాలుక చివరి దాకా వచ్చింది. మాత మొహం చూస్తూ అట్లాగే నిలబడిపోయింది. వెనక వాళ్లు జరగమ్మా అన్నారు.

తువ్వాల ఇయ్యమని శైలజ మోచేత్తో పొడిచింది.

"ఇయ్య బిడ్డా. ఇంటికాడ పనుంది దీంతోని."

"మరి మొక్కు?"

"అడగలే."

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరింది. చెప్పులు విడిచి, ముందుగా బకెట్ నిండా నీళ్లు పట్టి తువ్వాల ముంచింది. తెల్లగా గంజి దిగింది. పిండింది, నీళ్లు మార్చింది, మళ్లీ పిండింది. ఆ పూట రాజానికి కాపలా ఉన్న తోడికోడలు, దేవుడి బట్ట ఇంటికెందుకు తెచ్చావని గొణుగుతూనే వెళ్లిపోయింది.

మెత్తబడిన తువ్వాలతో ఉప్పలమ్మ మంచం అంచున కూర్చుంది. మూతి తుడిచింది. తర్వాత చెంపలు, గదవ, మెడ మడతలు.

రాజం కళ్లు బెదురుగా ఆమె చేతి వెంటే తిరుగుతున్నాయి.

"గుచ్చుకుంటాందా?" అని అడిగింది.