ఐదు ప్లమ్ కుండీలు

ఆకులు కోసే ఇన్‌స్పెక్టరు గేటు తీసేసరికి, ఐదు కుండీలూ ఇంకా వంటింటి మెట్ల మీదే ఉన్నాయి.

"ఒరే సాయీ, వాటిని బట్టల బుట్టలో పెట్టి, బేస్‌మెంట్లో వాషింగ్ మెషీన్ వెనక దాచెయ్. పరిగెత్తకు, అనుమానమొస్తుంది" అంది బాలత్రిపురసుందరి, ఇన్‌స్పెక్టరు వైపు తీయగా నవ్వుతూ.

కెనడాలో నయాగరా దగ్గర ఆ ఊళ్లో ఆ ఏడు ఎటు చూసినా కాలేజీ పిల్లలే. ఆవిడ బేస్‌మెంట్లోనే ఐదుగురు అద్దెకున్నారు. పెరటి ప్లమ్ చెట్టు పచ్చికాయలతో ఆవిడ పెట్టిన ఆవకాయే రెండేళ్లు వాళ్లని నిలబెట్టింది. రేపు సాయి కిరణ్ కేంబ్రిడ్జ్‌కి, తేజశ్రీ నార్త్ యార్క్‌కి, తక్కినవాళ్లు వాన్ అనే ఊరికి. వెళ్లేటప్పుడు తలా ఒక అంటు కట్టి ఇస్తానని ఆవిడ మాటిచ్చింది.

కానీ చుట్టుపక్కల పీచ్, ప్లమ్ తోటలకి వైరస్ తగిలింది. అంట్లు కట్టకూడదు, మొక్క ఊరు దాటకూడదు అని ఇంటింటికీ కాగితం వచ్చింది. ఆ కాగితం మీదే ఆవిడ ఆవాలు ఎండబెట్టింది.

ఇన్‌స్పెక్టరుకి పెద్ద టోపీ, నల్ల కళ్లద్దాలు, మూతికి గుడ్డ, చేతులకి తొడుగులు. చొక్కా మీద పేరు: ఏనీ. చెట్టుకి నాలుగు వైపులా ఆకులు కోసి సంచిలో వేస్తోంది.

"దొరసాని ఎంత బక్కగా ఉందే. ఇంట్లో ఎవరూ అన్నం పెట్టరు కాబోలు" అంది ఆవిడ, పక్కనున్న తేజశ్రీతో తెలుగులో.

"ఆంటీ మిమ్మల్ని టీ తాగమంటున్నారు" అని తేజశ్రీ ఇంగ్లీషులో చెప్పింది.

ఏనీ దగ్గి, వద్దంది. తర్వాత గడగడా ఇంగ్లీషులో వివరించింది. కాయ తింటే మనిషికేమీ కాదు. పేనుబంక ఈ రోగాన్ని పక్క తోట దాకా మోస్తుంది. మనిషి కట్టిన అంటయితే కారెక్కి వేరే ఊరికే పోతుంది. ఈ చెట్టుకి అంట్లు కట్టారా?

"నాకు చేతులు వణుకుతాయని చెప్పు" అని ఆవిడ వణికించి కూడా చూపించింది. "ఐదూ చిగురేశాయి. ఆవకాయ రుచి తెలియని పిల్లకిచ్చి చెత్తలో పారేయించుకోనా?"

"ఆంటీకి తోటపని రాదు" అంది తేజశ్రీ.

ఏనీకి ఈసారి దగ్గు తెర ఆగలేదు.

"పాపం, పుప్పొడి పడనట్టుంది" అంది ఆవిడ.

అంతలో సాయి కిరణ్ బట్టల బుట్టతో పక్కనుంచి నడిచాడు. దుప్పటి కింద నుంచి ఒక చిగురు తొంగి చూసింది.

"దుప్పటి కప్పరా, మొద్దూ" అని ఆవిడ మంగళహారతి రాగంలో పాడింది.

ఏనీ సంచికి చీటీ అంటించి, తలూపి గేటు దాకా వెళ్లింది. బాలత్రిపురసుందరి చేతులు వణకడం మానేశాయి. తేజశ్రీ వీపు చరిచి, "చూశావా, నా దగ్గరా" అంది.

గేటు దగ్గర ఏనీ వెనక్కి తిరిగి, మూతిగుడ్డ కిందికి లాగింది.

"ఆ వాషింగ్ మెషీన్ వెనక కుండీలు ఐదూ తెచ్చిచ్చెయ్యండి ఆంటీ, ఆవకాయ మాత్రం నాక్కూడా ఓ సీసా ఉంచండి, మాది అమలాపురం."