అట్ట పూర్వజన్మ

ఇప్పుడు ఇంటి తలుపు నుంచి మందుల డబ్బా దాకా అన్నీ పాత కాగితాల గుజ్జుతో చేసిన అట్టలే. ఫోన్ ఆనిస్తే, అంతకుముందు తానేమిటో ఆ అట్ట తనే చెబుతుంది. కల్తీ పట్టుకోవడానికి పెట్టారట. అది నా బైండింగ్ షాపు ప్రాణం మీదికొచ్చింది.

గృహప్రవేశంలో పంచే డైరీలకు అట్ట ఎంచుకుందామని హైమావతిగారు వచ్చారు. మొదటిదానికి ఫోన్ ఆనించారు.

"చెప్పుల పెట్టెను," అంది అట్ట.

ఆవిడ చెయ్యి కొంగుకు తుడుచుకున్నారు. రెండోది ఆసుపత్రి మందుల డబ్బా. మూడోది బిర్యానీ పెట్టె.

"శుభమా అని ఇల్లు కట్టుకుంటే ఇవేంటమ్మా? మంచివి లేవా?"

నాలుగోది, తాను శుభలేఖనని చెప్పింది. ఆవిడ ముఖం విప్పారింది. "ఇది ఖాయం చెయ్యి."

నాకు ఒళ్లు మండింది. "ఇంకోసారి ఆనించండి. దానికి ముందు జన్మ కూడా చెబుతుంది."

ఆవిడ గబుక్కున ఫోన్ సంచీలో పడేసుకున్నారు. "అంత వెనక్కి మనకెందుకమ్మా?"

"అన్నీ ఒకే తొట్టిలో నానాయండి. గుజ్జయ్యాక కూడా పుట్టుపూర్వోత్తరాలు అడుగుతారా?"

నాలుగు అట్టలూ తీసి లోపల పెట్టేశాను.

"మీ కొత్తింట్లో దేవుడి గది తలుపు కూడా అట్టదేగా," అన్నాను. "దానికి ఆనించి చూశారా?"