పందికొక్కు అంచు

“మీ నాయనకు ఏమైంది?” అని అడిగింది పద్మజ, చీరలు చూడటం ఆపేసి.

ధర్మవరానికి పట్టుచీర కోసం వచ్చి, గోడమీద దండ వేసిన ఫొటోల గురించి అడిగిన మనిషిని మగ్గం నేసే సునీల్ అంతవరకూ చూడలేదు.

“లివరు చెడిపోయింది మేడమ్. అన్నకూ అంతే. నలభై కూడా దాటలే.”

“మరి నువ్వు హెపటైటిస్ బి పరీక్ష చేయించుకున్నావా?”

“నాకేం మేడమ్? గుండ్రాయి మాదిరి ఉండా.”

“అది బయటికి కనపడదప్పా. ఇంట్లో అందరూ చేయించుకోండి.”

సునీల్‌కు ఒళ్లు మండింది. ల్యాబుల ఏజెంట్లు ఆఖరికి మగ్గాల దాకా వచ్చారనుకున్నాడు. సరే సరే అని తలూపి పంపేశాడు.

వారం తిరక్కుండా ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి గళ్ల కాగితం మీద చీర డిజైను గీసుకొచ్చింది. ఒక అంచున బాతులు. రెండో అంచున బొద్దుగా, పొట్టి తోకతో ఏదో జంతువు.

“నేసేటప్పుడు ఏం అనుమానమొచ్చినా నాకు ఫోన్ చెయ్యి. ఏ వేళైనా సరే” అంది.

వాకిలి దాటబోతూ ఆ మాటే ఇంకోసారి చెప్పింది.

సునీల్ భార్య సుచిత్ర ఆ కాగితం చూసి ముక్కున వేలేసుకుంది.

“పట్టుచీరలో పందికొక్కును ఎవురన్నా ఏస్తారా? మగ్గానికే అరిష్టం!”

సునీల్ ఫోన్ తీశాడు. చేస్తే మళ్లీ పరీక్ష గొడవ ఎత్తుకుంటుందని పక్కన పెట్టేశాడు. బాతులను ఉంచి, జంతువు చోట హంసలతో, మగ్గానికి ఎక్కించే డిజైను అట్టలకు చిల్లులు కొట్టించాడు.

నేత నెల పట్టింది. మధ్యలో కుడి డొక్కలో నొప్పి వస్తే పెనుకొండ దగ్గర ఎవరో పసరు మందు ఇస్తారంటే పోయి తాగి వచ్చాడు.

చీర తీసుకోవడానికి ఆమె రాలేదు. హిందూపురం నుంచి ఆమె తమ్ముడు గిరిధర్ వచ్చాడు. మడత విప్పి రెండంచులూ చూశాడు.

“ఆ జంతువు యాడప్పా?”

“శుభానికి బాగుండదని హంసలేసినా సార్. మేడమ్‌కు కోపమొస్తాదా?”

“అక్క లేదు. పోయిన మంగళవారం చనిపోయింది. లివర్ క్యాన్సర్.”

గిరిధర్ హంసల అంచు మీద వేలు పెట్టాడు.

“నువ్వు తీసేసింది అమెరికాలో ఉండే ఉడత జాతి జంతువు. దానికీ బాతులకూ హెపటైటిస్ బి తెగ వైరసే వస్తాది. బాతులకు క్యాన్సర్ రావడం తక్కువ, దీనికి శానా ఎక్కువ. నీ మగ్గం మీద అట్టలు ఏ దారం లేవాలో చెప్తాయి కదా? వైరస్‌లోనూ అట్లా మిగతావాటిని ఆడించే చిన్న జన్యువు ఒకటి ఉంటాదంట. బాతుల వైరస్‌లో అది సరిగా లేదు. దీంట్లో ఉండాది. మనుషులకొచ్చే దాంట్లోనూ ఉండాది. అక్క ముప్పై ఏండ్లు దానిమీదే పరిశోధన చేసింది.”

“మేడమ్ ల్యాబు ఏజెంటు కాదా సార్?”

గిరిధర్ చీర మడిచి సుచిత్ర చేతిలో పెట్టాడు.

“ఇది మీకే ఇమ్మంది.”

“మాకెందుకు?” అంది సుచిత్ర.

సునీల్ చెయ్యి తనకు తెలియకుండానే కుడి డొక్క మీదికి పోయింది.

“కట్టుకోవడానికి నేయించలేదప్పా. ఊరికే చెప్తే నువ్వు తలూపి పంపేసినావంట. నెల్లాళ్లు ఆ జంతువు ముందర కూర్చుంటే, ఇదేంది మేడమ్ అని ఒక్కసారన్నా నువ్వు ఫోన్ చేస్తావనుకుంది. చేస్తే, పుట్టుకతోనే అమ్మ నుంచి ఆ వైరస్ తనకూ వచ్చిందనీ, నీ మాదిరే ‘నాకేం’ అనుకొని రోగం ముదిరేదాకా తన రక్తం చూపించుకోలేదనీ నీకు చెప్పాలని, కడదాకా ఫోను దిండు కిందే పెట్టుకొనుండె.”