మాగబెట్టే గదిలో ఊపిరి

మామిడికాయలు మాగబెట్టే గదిలో అన్విత తను కాలేజీ ల్యాబులో తయారుచేసిన సెన్సారు పెట్టింది. ఆవగింజంత ఉండే ఆ టిన్ ఆక్సైడ్ ముక్క గాలిలో మార్పును పసిగట్టి ఫోనుకు పంపుతుంది. కాయలు వదిలే గ్యాసు పెరిగేకొద్దీ ఫోను తెర మీది గీత మెల్లగా పైకి పోవాలి. ఆ రాత్రి అది లేస్తూ, పడుతూ కనిపించింది.

"అత్తయ్యా, లోపల ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టుందండీ. కూలీల్లో ఎవరైనా ఉండిపోయారేమో!"

"అందరినీ ఆటో ఎక్కించాకే తాళం వేశాను. నీ ఆవగింజకే దిష్టి తగిలుంటుంది," అంటూనే సౌభాగ్యలక్ష్మి తాళంచెవి కోసం పరిగెత్తింది. ఆ గదిలో గాలాడదు. తెల్లారేదాకా ఎవరూ బతకరు.

తలుపు తీసి, "ఎవరమ్మా లోపల?" అని కేకేసింది.

ఫోనులో గీత ఠక్కున ఆగిపోయింది.

ఇద్దరూ ట్రేలన్నీ జరిపారు. వరిగడ్డంతా తిరగేశారు. కాయలు తప్ప ఏమీ లేవు. గీత కదల్లేదు.

"చెప్పానా, పాడైపోయింది," అంటూ అత్తగారు బయటికొచ్చి తలుపు మూసింది. గడియ పడిన చప్పుడుకి గీత లేచింది. పడింది. మళ్లీ లేచింది, భయపడ్డ మనిషి రొప్పినట్టు వేగంగా.

"తాళం వెయ్యకండి అత్తయ్యా!" అని అన్విత అరిచింది.

అప్పటికే అత్తగారు తాళం నొక్కేసింది.