చెయ్యి ఆగకూడదు

స్నానాలగది తలుపు ఎవరో కొట్టారు.

"తీయొద్దు నాన్నా, కాగితం బయటుంది, వెలుగు పడితే పాడవుతుంది" అంది లోపల్నుంచి లెక్కల టీచరు.

"నేనెందుకు తీస్తానే? కుళాయి బాగుచెయ్యడానికి ప్లంబరొచ్చాడు. నీ వంట ఎప్పటికవుతుందో చెప్పు" అన్నాడు తండ్రి.

ఆ ఇంట్లో ఆదివారం పూట స్నానాలుండవు. కిటికీకి నల్లగుడ్డ కట్టి, బకెట్లు బయటికి నెట్టి, ఎర్రబల్బు వేసుకుని టీచరమ్మ ఆ గదిలో ఫోటోలు కడుగుతుంది.

కడిగేది కూడా ఒకటే ఫోటో. తండ్రి వెల్డింగు పని మానేసిన రోజున తీసింది. వెనక ఎవరో చేస్తున్న వెల్డింగు రవ్వలు, ముందు ముసుగు పైకెత్తి నవ్వుతున్న ఆయన.

ఆరేళ్ళుగా దాన్ని ఫోటోల పోటీకి పంపుతోంది. ఆరేళ్ళుగా అది వెళ్ళిన దారినే తిరిగొస్తోంది. వెనకాల ప్రతిసారీ ఒకటే మాట రాసి ఉంటుంది.

'ముఖం చీకట్లో ఉంది.'

ఈ ఏటి ఫారం ఎప్పుడో పంపేసింది. ఫోటో రేపు సాయంత్రంలోగా ఇవ్వాలి. ఈసారైనా నాన్న నవ్వు నలుగురి ముందూ గోడెక్కాలని ఆమె పంతం. ఆయనకి డెబ్భై ఎనిమిది. ఇంకో ఆరేళ్ళు ఆగమని ఎవరిని అడుగుతుంది?

మూడు నిమిషాల తర్వాత తలుపు తీసింది. తల నెరిసిన మనిషి, భుజాన సంచీ. లోపలికొస్తూనే, లైటు వెయ్యకముందే, కాగితాల పెట్టె మూత సరిగ్గా పడిందో లేదో తడిమి చూశాడు.

మనిషి జాగ్రత్తపరుడే అనుకుంది.

"వారం నుంచి కారుతోందయ్యా. నా మాట కుళాయీ వినదు, కూతురూ వినదు" అని తండ్రి నోరారా నవ్వాడు.

వచ్చినాయన ఆ నవ్వునే చూస్తూ నిలబడిపోయాడు.

"ఏమయ్యా, నా పళ్ళు లెక్కపెడుతున్నావా?"

"లేదండీ" అని ఆయన తడబడి, కుళాయి దగ్గర వంగి, తన జేబురుమాలే చింపి గట్టిగా కట్టాడు. చుక్క ఆగింది. తర్వాత తీగమీద ఆరుతున్న ఫోటోల వైపు తలెత్తాడు.

"ముఖం నల్లబడింది కదమ్మా."

ఆమెకి ఒళ్ళు మండింది. "మీరూ మొదలెట్టారా? అక్కడ ఒక జడ్జి ఉన్నాడు, ఆరేళ్ళుగా ఇదే పాట. ఆయనకి కళ్ళున్నాయో లేవో."

"కళ్ళున్నాయేమో గానీ నోరు లేదమ్మా. ఎలా బాగుచెయ్యాలో ఒక్కసారైనా రాయొద్దూ?"

ఆ మాటతో ఆమె కాస్త మెత్తబడింది.

"కాగితం మీద వెలుగెక్కువ పడినచోటే నలుపెక్కేది. ముఖానికి అట్టముక్క అడ్డం పెట్టి చూశారా?"

"పెట్టానండీ. తల చుట్టూ తెల్లగా గీత పడింది."

"అట్టముక్కని కదిలించారా?"

"కదిలిస్తే ఫోటో చెదిరిపోదూ?"

ఆయన నవ్వాడు. "నెగటివు కదిలితే చెదురుతుందమ్మా. నీడ కదిలితే ఏం కాదు. నీడ ఆగినచోటే గీత పడేది. చెయ్యి ఆగకూడదు."

మళ్ళీ తలుపు మూశారు. కాగితం పెట్టకుండానే, నెగటివులోని బొమ్మని కిందికి పడేసే దీపం కింద చూపించాడు. ఉయ్యాల ఊపినట్టు చెయ్యి మెల్లగా ఆడుతోంది, నాన్న ముఖం మీద నీడ వస్తోంది, పోతోంది.

"పది సెకన్ల వెలుగు ముఖానికి చాలు. మిగతా ఇరవై రవ్వలకీ గోడకీ. ఇక మీరే చెయ్యండి, నేను ముట్టుకోకూడదు."

తడిచేతులని కాబోలు అనుకుంది.

మొదటిదానికి గీత అలాగే ఉంది. రెండోది బూడిద పూసినట్టొచ్చింది. మూడూ నాలుగూ చెత్తబుట్టలోకి పోయాయి.

అయిదోసారి మందుతొట్టిలో ముందు గోడ తేలింది. తర్వాత ముసుగు అంచు. తర్వాత నవ్వు.

మందులన్నీ దాటించి, నీళ్ళు కారుతుండగానే ఫోటోని బయటికి పట్టుకొచ్చింది. "నాన్నా, వచ్చేశావు."

తండ్రి కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసుకున్నాడు. "ఇంత అందగాణ్ణని మీ అమ్మ ఒక్కరోజూ చెప్పలేదే" అన్నాడు.

ఇద్దరూ తేరుకుని చూసేసరికి ప్లంబరు లేడు. మంచినీళ్ళైనా ఇవ్వలేదే అని ఆమె నొచ్చుకుంటుండగా ఫోను మోగింది.

"ప్లంబర్నమ్మా. ఇవాళ రాలేకపోయాను, రేపొస్తాను."

"మరి వచ్చిందెవరు నాన్నా?"

"ఎవరైతేనేం, కారడం ఆగింది."

నెల తిరిగాక, పోటీ పెట్టినవాళ్ళ హాల్లో ఎదురుగోడ మీద ఆ ఫోటో. దాని కింద 'మొదటి బహుమతి'. జనమంతా తండ్రి చుట్టూ మూగారు. "నేనేనండీ, నేనే" అని ఆయన అందరికీ చేతులందిస్తున్నాడు. తీసినావిడని పలకరించినవాళ్ళు లేరు. అయినా ఆమెకి కాళ్ళు నేలమీద ఆనడం లేదు. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

"మీ జడ్జిగారు ఎక్కడండీ?" అని పోటీ కార్యదర్శిని అడిగింది. "ఆరేళ్ళు తిట్టుకున్నాను. ఇవాళ ఎదురుగా నిలబడి గెలిచానని చెప్పాలి."

"ఆయన ఈసారి జడ్జి కాదమ్మా. ఇరవై ఏళ్ళు కూర్చున్న కుర్చీ వదిలేశారు. పోయినవారం ఊరు కూడా మారిపోయారు."

"అదేంటి, ఎందుకని?"

"నేర్పినవాడు మార్కులు వెయ్యకూడదట. ఫోటోలకి ఆఖరి తేదీ ముందురోజు, ఆదివారం పొద్దున్నే వచ్చి రాజీనామా నా చేతిలో పెట్టి, మీ ఫారం మీది అడ్రసు రాసుకుని, తిన్నగా మీ ఇంటికే బయల్దేరారు" అన్నాడు కార్యదర్శి.