శనివారం కేకు

ఈసారి కూడా కేకు నడుమ గుంట పడింది.

"ఇందులో నీళ్ళు పోస్తే కొంగలు వాలతాయండీ," అంది పుష్పకుమారి, ఓవెన్‌లోంచి గిన్నె తీసి చూస్తూ.

పక్కనే నిలబడ్డ పెద్దాయన, సమాధానం గారు, తల గోక్కున్నాడు. "నా చేతికి కేకు రాసిపెట్టలేదులెండి."

"అట్టంటే ఎట్టా? వచ్చే శనివారం రండి."

బిట్రగుంటలోని ఆ ఇంట్లో శనివారం మధ్యాహ్నాలు ఇలాగే గడుస్తున్నాయి. భార్య పోయాక సమాధానం నెల్లూరు నుంచి వచ్చి ఎదురింట్లో అద్దెకు దిగాడు. మనవరాలి పుట్టినరోజుకు తన చేత్తో కాఫీ కేకు చేయాలని ఉంది, నేర్పుతారా అని అడిగాడు. భర్త పోయినప్పటి నుంచి గుడ్డ కప్పి ఉంచిన ఓవెన్‌ను పుష్పకుమారి తుడిచి బయటికి తీసింది. మనవరాలి పుట్టినరోజు వచ్చింది, వెళ్ళింది. ఇప్పుడాయన వచ్చే ఏటి పుట్టినరోజుకు నేర్చుకుంటున్నాడు.

"కాఫీ కేకంటారు గదా, కాఫీ పొడి ఎప్పుడెయ్యాల?" అని మొదటిరోజే అడిగాడు.

"వెయ్యరండీ. కాఫీ తాగతా తింటారు, అందుకని ఆ పేరు," అని ఆమె ఓపిగ్గా చెప్పింది.

ఆమె కూతురు మెర్లిన్ బళ్ళో లెక్కల టీచరు. మొద్దు పిల్లలు ఆమెకు కొత్త కాదు గానీ ఈయన వాళ్ళందరినీ మించిపోయాడు. ఒక వారం బేకింగ్ పౌడరు మరిచాడు. ఒక వారం పైన చల్లాల్సిన దాల్చినచెక్క పొడిని అడుగున పోశాడు. "మీరేం పని చేసేవారంకుల్?" అని ఉండబట్టలేక అడిగింది. "నిప్పుల కాడ పనమ్మా," అన్నాడు. రైల్వే ఊరి పిల్ల కదా, బొగ్గు ఇంజను అనుకుంది.

పాడైన కేకునే కాఫీలో ముంచుకు తింటూ పుష్పకుమారీ ఆయనా పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పుకునేవారు. అమ్మ నవ్వు మళ్ళీ వినబడుతున్నందుకు మెర్లిన్‌కు సంతోషమే. కానీ ఊరి నోటికి మూత పెట్టలేం కదా.

"ఇదే ఆఖరి శనివారమమ్మా," అంది చివరికి. "చర్చిలో కరుణాకుమారి ఆంటీ వాళ్ళు నవ్వతా ఉండారు. ఈసారి ఆయన్నే ఒంటరిగా చెయ్యమను. కేకు బాగా వస్తే పాఠం అయిపోయినట్టు. రాకపోతే కావలిలో నేనే కేకు కొనిస్తా."

ఎటు చూసినా పాఠం ఆగిపోయేదే. పుష్పకుమారి ముఖం చిన్నబోయింది.

శనివారం రానే వచ్చింది. పుష్పకుమారి సామాను అంతా బల్ల మీద పెట్టి, పూలబుట్ట అందుకుంది. "రేపు ఆరాధనకి పూలు కోసుకొస్తా. మధ్యలో ఓవెన్ తలుపు మాత్రం తియ్యబాకండి, కేకు కుంగిపోద్ది," అని ప్రతి వారం చెప్పేదే చెప్పి పెరట్లోకి వెళ్ళింది.

మెర్లిన్ కర్టెన్ చాటున నిలబడింది. పరీక్షంటే కాపలా ఉండాలి మరి.

సమాధానం చొక్కా చేతులు మడిచాడు. ఒంటిచేత్తో రెండు గుడ్లు ఒకేసారి కొట్టాడు. పెంకు ముక్క పడలేదు. కొలత గ్లాసు వంక చూడకుండా పిండి గుప్పిళ్ళతో వేశాడు. దాల్చినచెక్క పొడిని ముగ్గు వేసినంత సమంగా పైన చల్లాడు. ఓవెన్‌లో కేకు గోపురంలా పొంగింది. ఆయన దాన్ని ముద్దుగా చూసుకున్నాడు. నిట్టూర్చాడు. పెరటి వైపు ఓసారి చూసి, ఓవెన్ తలుపు బార్లా తెరిచి, భుజం మీది తువ్వాలుతో విసరడం మొదలుపెట్టాడు.

మెర్లిన్ పెరట్లోకి పరిగెత్తింది. బట్టలుతికే బండ మీద అమ్మ తీరిగ్గా కూర్చుని ఉంది. బుట్టలో ఒక్క పువ్వూ లేదు.

"అమ్మా, ఆయనకి కేకు బాగా వచ్చు. ఇన్నాళ్ళూ కావాలనే చెడగొడతా ఉండాడు. నా కళ్ళతో చూసినా."

"గమ్మునుండుమే, ఆయనకి వినపడతాది," అంది పుష్పకుమారి గొంతు తగ్గించి. "నా పెళ్ళి కేకు చేసింది ఆయనే."